ఫారెక్స్ సీట్లో నేను, నార్త్ బ్లాక్‌లో ఆయన

అప్పట్లో ఆర్థిక శాఖ ఉన్న ఢిల్లీ నార్త్ బ్లాక్‌కు మన్మోహన్ సింగ్ మంత్రిగా రావడానికి ఎనిమిది నెలల ముందు, 1990 అక్టోబరులో, నన్ను సేవింగ్స్ కౌంటర్ నుంచి తీసి ఫారెక్స్, అంటే విదేశీ మారకం, సీట్లో వేశారు. జాతీయ బ్యాంకు, హైదరాబాద్‌లో ఒక శాఖ. బాలానగర్, సనత్‌నగర్ వైపు చిన్న ఫ్యాక్టరీలవాళ్లు ఎక్కువగా వచ్చేవాళ్లు. అంతకంటే వివరం అక్కర్లేదు. "అదృష్టవంతుడివోయ్, పాస్‌బుక్కుల గోల తప్పింది" అన్నారు తోటివాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. సరిగ్గా ఆ నెలలోనే దిగుమతుల మీద 50 శాతం క్యాష్ మార్జిన్ కట్టించుకోమని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు వేసింది.

ఈ సీటు పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. విదేశం నుంచి సరుకు తెప్పించుకునేవాడు మా దగ్గర ఎల్.సి. తెరుస్తాడు. అంటే, సరుకు ఓడెక్కి కాగితాలు వస్తే డబ్బు మేం ఇస్తామని అవతలివాడి బ్యాంకుకు మేం రాసిచ్చే హామీ. మార్జిన్ అంటే ఆ హామీ కోసం పార్టీ ముందే మా దగ్గర కట్టే సొమ్ము. నమ్మకమైన పార్టీ అయితే కొద్దిగా కట్టించుకుని సరిపెట్టేవాళ్లం. లైసెన్సు అవసరమైన సరుకైతే దానికి రెండు కాపీలుండేవి: ఒకటి కస్టమ్స్‌కి, ఒకటి మాకు. మాకొచ్చేదాన్ని ఎక్స్ఛేంజ్ కంట్రోల్ కాపీ అనేవాళ్లం. ఎన్ని డాలర్లు వాడుకుంటే అంత దాని వెనక రాసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టాలి. నా టేబుల్ మీద ఎక్స్ఛేంజ్ కంట్రోల్ మాన్యువల్ ఉండేది. మార్పులు వచ్చినప్పుడల్లా చీటీలు కత్తిరించి అంటించేవాళ్లం కాబట్టి అది పెళ్లి ఆల్బమ్‌లా ఉబ్బిపోయి మూతపడేది కాదు.

1991 మార్చిలో మార్జిన్ 133 శాతం దాటింది. ఏప్రిల్లో 200 అయింది.

మా పార్టీల్లో ఒకాయన స్ప్రింగులు తయారుచేసేవాడు. శాఖలో అందరం ఆయన్ని 'స్ప్రింగులాయన' అనే అనేవాళ్లం. జపాన్ నుంచి స్ప్రింగ్ స్టీలు పట్టీ తెప్పించాలి, 8,000 డాలర్ల సరుకు. డాలరు అప్పుడు 20 రూపాయల దగ్గరుంది. లక్షా అరవై వేల సరుకుకు మూడు లక్షల ఇరవై వేలు కట్టాలని చెబితే ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"సార్, వందకు రెండు వందలు ఎక్కడైనా ఉంటుందా? మీరు చదవడంలో ఏదో పొరపాటు పడ్డారు."

సర్క్యులర్ ఆయన వైపు తిప్పి పెట్టాను. అంకె మీద వేలు పెట్టి చదువుకున్నాడు. మళ్లీ చదివాడు. "అంటే మీ దగ్గర దాచుకోవడానికి డబ్బుంటేనే నేను సరుకు కొనుక్కోవాలన్నమాట" అన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, సర్క్యులర్‌లో ఉన్నది అదే. దిగుమతి చేసుకునేవాడికి ఆ ఆలోచనే మానిపించడం దాని ఉద్దేశం. పది రోజుల తరవాత రెండు చిట్టీలు పాడి డబ్బు తెచ్చి కట్టాడు. ఎంతకు పాడాడో నేను అడగలేదు.

దేశం దగ్గర డాలర్లు లేవు. కువైట్ మీద ఇరాక్ దాడితో చమురు ధర పెరిగింది. అక్కడి నుంచి కడప, గోదావరి జిల్లాల మనుషులు చేతిసంచులతో తిరిగొచ్చారు. వాళ్లు పంపే డబ్బు ఆగింది. ఎన్.ఆర్.ఐ.లు డిపాజిట్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. మేలో ప్రభుత్వం దగ్గరున్న 20 టన్నుల బంగారాన్ని, తిరిగి కొనుక్కునే షరతు మీద, విదేశంలో అమ్మి డాలర్లు తెచ్చారు. ఇవన్నీ పేపర్లో వచ్చాక తెలిసిన సంగతులు. సీట్లో కూర్చున్నవాడికి మాత్రం దేశం చేతిలో పైసా లేదన్న సంగతి సర్క్యులర్ల భాషలోనే తెలిసిపోయేది. వాటిలో 'అనుమతించవచ్చు' తగ్గి 'అనుమతించరాదు' పెరిగింది.

జూన్ 21, శుక్రవారం పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేశారు. మనవాడు ప్రధాని అయ్యాడని శాఖలో స్వీట్లు పంచారు. ఆర్థిక మంత్రి పేరు విని మాత్రం చాలామంది "ఎవరాయన?" అన్నారు. మర్నాడు శనివారం, సగం పూట. మా హెడ్ క్యాషియర్‌గారు, రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్న పెద్దమనిషి, స్ట్రాంగ్ రూమ్ నుంచి రెండు నోట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒకటి నలిగిన రూపాయి కాగితం, ఒకటి పది రూపాయల నోటు.

"సంతకాలు చూడు."

రెండింటి మీదా మన్మోహన్ సింగ్. రూపాయి నోటు మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, మిగతా నోట్ల మీద రిజర్వు బ్యాంకు గవర్నర్‌ది. ఈయన 1976 నుంచి 1980 దాకా కార్యదర్శి, 1982 సెప్టెంబరు నుంచి 1985 జనవరి దాకా గవర్నరు. "ఎవరాయన అంటారేమిటయ్యా, పదిహేనేళ్లుగా మన చేతుల్లోనే తిరుగుతున్నాడు" అన్నారు హెడ్ క్యాషియర్‌గారు. క్యాషియర్లకు సంతకాలు గుర్తున్నంతగా మొహాలు గుర్తుండవు.

మిగతాది తరవాత తెలుసుకున్నాను. 1932లో గాహ్ అనే ఊళ్లో పుట్టారు, అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. పంజాబ్ యూనివర్సిటీ, ఆపైన కేంబ్రిడ్జి. తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో 1951-60 మధ్య భారతదేశపు ఎగుమతుల మీద పరిశోధన చేశారు. మన ఎగుమతులు పెరగకపోవడానికి బయటి ప్రపంచం ఎంత కారణమో మన విధానాలూ అంతే కారణమని ఆ కుర్రాడు అప్పుడే తేల్చాడు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య సంస్థ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు, 1972లో ముఖ్య ఆర్థిక సలహాదారు, ఇందాక చెప్పిన రెండు సంతకాల పదవులు, ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షత, జెనీవాలో వర్ధమాన దేశాల సౌత్ కమిషన్. 1991 జూన్‌లో యు.జి.సి. ఛైర్మన్. మంత్రి పదవి కబురు పి.వి. తరఫున పి.సి. అలెగ్జాండర్ అనే పాత అధికారి చెబితే ఆయన నమ్మలేదట. మర్నాడు మామూలుగా యు.జి.సి. ఆఫీసుకు వెళ్లి కూర్చుంటే, ఇంటికి వెళ్లి తయారై ప్రమాణానికి రమ్మని పి.వి. ఫోన్ చేయాల్సి వచ్చిందని ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. అసలు పి.వి. ముందు అనుకున్నది రిజర్వు బ్యాంకు మాజీ గవర్నర్ ఐ.జి. పటేల్‌ని. ఆయన ఒప్పుకోలేదు.

నాకు ఈ జాబితాలో డిగ్రీల కంటే ఒక విషయం ఎక్కువ పట్టింది. నా బల్ల మీద ఉబ్బిన ఆ మాన్యువల్ ఏ వ్యవస్థదో, ఆ వ్యవస్థ పైఅంతస్తుల్లోనే ఆయన ఇరవై ఏళ్లు ఉన్నారు. ఏ చీటీ ఎందుకు అంటించారో తెలిసిన మనిషి. బయటి నుంచి ఎవరో ప్రొఫెసర్ వచ్చి ఉంటే ముందు ఆ పుస్తకం అర్థం చేసుకోవడానికే ఏడాది పట్టేది. ఈయనకు నెల పట్టింది.

జూలై 1, సోమవారం. అప్పట్లో రిజర్వు బ్యాంకు రూపాయి రేటును పౌండులో ప్రకటించేది. డాలరు రేటు దాన్నిబట్టి వచ్చేది. రోజూ ఉదయం బొంబాయి నుంచి రేట్లు మాకు టెలెక్స్‌లో వచ్చేవి. ఆ రోజు కాగితం చూసి ఆపరేటర్ తప్పు కొట్టాడనుకున్నాం. పైసల్లో కదలాల్సిన డాలరు 21 చిల్లర నుంచి 23 దాటింది. మేనేజర్‌గారు ఫోన్ చేసి కనుక్కుంటే నిజమే. రూపాయి విలువ దాదాపు 9 శాతం తగ్గించారు. మంగళవారమంతా ఇదే మాట. "అయిపోయిందిలే, ఇక స్థిరపడుతుంది" అని వచ్చిన పార్టీలందరికీ ధైర్యం చెప్పాను. నన్నెవరు చెప్పమన్నారో!

బుధవారం, జూలై 3. పది గంటలకు తలుపు తీయగానే స్ప్రింగులాయన వచ్చాడు. జపాన్ కాగితాలు వచ్చి ఉన్నాయి. బిల్లు విడిపించుకుంటే సరుకు చేతికొస్తుంది. మార్జిన్ సొమ్ము మా దగ్గరే ఉంది కాబట్టి కొత్తగా తేవాల్సింది ఏమీ లేదు. సోమవారం రేటుతో నేను వోచర్లు రాసేశాను, లక్షా ఎనభై నాలుగు వేల చిల్లర. ఆయన సంతకం చేశాడు. మేనేజర్‌గారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు.

"ఇవాళ్టి టెలెక్స్ వచ్చిందా?"

"ఇంకా లేదు సార్. నిన్నటిదే ఉంటుంది."

"ఉంటుందని నీకెవరు చెప్పారు? రానీ."

పది ఇరవైకి మిషను కొట్టుకోవడం మొదలైంది. కాగితం బయటికి వస్తుంటే స్ప్రింగులాయన నా భుజం మీంచి చూస్తున్నాడు. డాలరు 26కు దగ్గరగా వచ్చింది. డాలరుకు దాదాపు మూడు రూపాయలు, ఎనిమిది వేల డాలర్లకు ఇరవై మూడు వేలు. ఇరవై నిమిషాల్లో. నేను రాసిన వోచర్లను ఆయన ఎదురుగానే చింపాను. ఆయన అరవలేదు. "మీరు నిన్న అయిపోయిందన్నారు కదా సార్" అన్నాడు. అంతే.

ఫార్వర్డ్ కవర్, అంటే తరవాత కొనే డాలర్లకు రేటు ముందే ఖాయం చేసుకోవడం, తీసుకోమని నేను ఆయనకు ముందే చెప్పి ఉండాల్సింది. అప్పట్లో చిన్న పార్టీలెవరూ దాని జోలికి పోయేవాళ్లు కాదు. చెప్పాల్సింది మాత్రం నేనే.

ఆ ఉదయం ఢిల్లీలో ఏం జరిగిందో చాలా ఏళ్ల తరవాత చదివాను. మొదటి దెబ్బకే గొడవ మొదలవడంతో పి.వి. వెనకాడి, రెండోది ఆపమన్నారట. మన్మోహన్ బొంబాయికి ఫోన్ చేసేసరికే డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్ పని కానిచ్చేశారట. ఆ రంగరాజన్‌గారే తరవాత మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చారు. రాజ్‌భవన్ రోడ్డులో కారు వెళ్తుంటే నాకు ఆ టెలెక్స్ మిషను చప్పుడు గుర్తొచ్చేది. ఆ ఫోను అరగంట ముందు వెళ్లి ఉంటే స్ప్రింగులాయన ఇరవై మూడు వేలు మిగిలేవి. దేశం ఏమయ్యేదో నాకు తెలియదు.

ఇంకో సంగతి, పి.వి. దగ్గర పనిచేసిన అధికారి ఒకరు బయటపెట్టింది. జెనీవాలో పనిచేసినప్పటి మన్మోహన్ డబ్బు విదేశీ ఖాతాలో ఉంది. రూపాయి విలువ తగ్గగానే దాని విలువ రూపాయల్లో పెరిగింది. ఆ పెరిగిన భాగాన్ని ప్రధాని సహాయ నిధికి కట్టేస్తానని ఆయన పి.వి.కి చెప్పారట. ఫారెక్స్ సీట్లో పనిచేసినవాడిగా నాకు ఇది ఏ బిరుదు కంటే పెద్దగా కనిపిస్తుంది. అడిగేవాడు లేని చోట ఆ తేడా లెక్కగట్టాలన్న ఆలోచన ఎందరికి వస్తుంది?

ఆ నెల అంతా ఊపిరి ఆడలేదు. జూలై 4న వాణిజ్య మంత్రి చిదంబరం కొత్త విధానం ప్రకటించారు. ఎగుమతిదారుకు నగదు సాయం పోయి, బదులుగా ఎగ్జిమ్ స్క్రిప్ వచ్చింది. సరుకు విలువలో 30 శాతం మేరకు దిగుమతి హక్కు, కావాలంటే అమ్ముకోవచ్చు. మా ఒంగోలు గ్రానైటు పార్టీ ఒకాయన దాన్ని సినిమా టికెట్ బ్లాకులో అమ్మినట్టు అమ్మి, "ప్రభుత్వమే బ్లాకు పెట్టిందండీ" అని నవ్వేవాడు. అదే నెలలో రిజర్వు బ్యాంకు బంగారం దాదాపు 47 టన్నులు తాకట్టుకు విమానం ఎక్కింది. 24న ఒకే రోజు పరిశ్రమల లైసెన్సులు 18 రంగాలకు తప్ప మిగతా అన్నింటికీ ఎత్తేశారు, సాయంత్రం బడ్జెట్ చదివారు. విదేశీ మారకం నిల్వ 2,500 కోట్లు, రెండు వారాల దిగుమతులకు సరిపోతుందని ఆయన సభలో చెప్పిన మాట మర్నాడు పేపర్లో చూసి మేనేజర్‌గారు, "ఇంత తక్కువని తెలిస్తే నిద్ర పట్టేది కాదు" అన్నారు.

అదే పేపర్లో ఎరువుల ధర 40 శాతం పెంచిన వార్త కూడా ఉంది. మా నాన్నకు తెనాలి దగ్గర నాలుగున్నర ఎకరాల మాగాణి. ఆ వారం ఇంటికి వెళ్తే గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఏరా, మీ సర్దార్‌గారు బస్తాకి నలభై ఏడు రూపాయలు పెంచాడట?"

యూరియా టన్ను 2,350 రూపాయలుండేది, అంటే బస్తా నూట పదిహేడున్నర. పదేళ్లుగా దాదాపు కదలని ధర. నేను ద్రవ్యలోటు గురించి చెప్పబోయాను. దేశం మొత్తం ఆదాయంలో 8 శాతం పైన ప్రభుత్వం అప్పు చేసి గడుపుతోందని. నాన్న విని, "అప్పు నేను చేయలేదుగా" అన్నాడు. సొంత పార్టీ ఎం.పీ.లే పార్లమెంటులో గోల చేశారు. ఆగస్టులో పెంపును 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు పాత ధరకే ఇస్తామన్నారు.

ఇక్కడ మొదలైంది అసలు పని. ఐదెకరాల లోపు కాబట్టి నాన్న చిన్న రైతే. కానీ చిన్న రైతునని కాగితం కావాలి. పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్తే ఫారాలు రాలేదన్నారు. వారం తరవాత ఫారాలు వచ్చాయి, సంతకం పెట్టేవాడు లేడు. సంతకం అయ్యేసరికి కొట్లో పాత ధర సరుకు అయిపోయింది. చివరికి నాన్న కొత్త ధరకే ఎరువు కొని పైపాటు వేసుకున్నాడు. ఆ సర్టిఫికెట్‌ను మడిచి పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు, చాలా ఏళ్లు అక్కడే ఉంది. ఢిల్లీలో కంట్రోళ్లు ఎత్తేస్తున్న నెలలోనే మా ఊళ్లో కొత్త కంట్రోలు ఒకటి పుట్టింది! మన్మోహన్ తప్పు ఎక్కడ అని నన్నడిగితే ఇక్కడే చూపిస్తాను. పైన ఒక్క సంతకంతో అయ్యే మార్పులు ఆయన గడియారంలా చేశారు. కింద వంద సంతకాలు కావాల్సిన చోట ఆయనకు చేయి అందలేదు.

ఆ నవంబరు 29న కార్మిక సంఘాలు దేశవ్యాప్త సమ్మె చేశాయి. నేనూ శాఖ బయట నిలబడి కొత్త ఆర్థిక విధానం నశించాలని అరిచాను. బ్యాంకుల సంస్కరణల మీద వేసిన ఎం. నరసింహం కమిటీ నివేదికతో బ్యాంకు ఉద్యోగాలకే ఎసరని మాకు భయం. మర్నాడు సీట్లో కూర్చుని అదే విధానం తాలూకు సర్క్యులర్లు ఫైలు చేశాను. అప్పుడు అందులో వింతేమీ అనిపించలేదు.

1992 ఫిబ్రవరి 29, శనివారం రెండో బడ్జెట్. సోమవారం నుంచి రెండు రేట్లు. లెర్మ్స్ అనేవాళ్లం. ఎగుమతిదారు తెచ్చిన ప్రతి వంద డాలర్లలో 40 పాత అధికారిక రేటుకు, 60 మార్కెట్ రేటుకు. రేటు ప్రకటన కూడా పౌండు నుంచి డాలరుకు మారింది. గ్రానైటాయన మొదటి బిల్లు నాకింకా గుర్తే. 10,000 డాలర్లనుకోండి: 4,000 డాలర్లకు 25.90 చొప్పున లక్షా మూడు వేల ఆరు వందలు, మిగతా 6,000కు మార్కెట్లో 31 అనుకుంటే లక్షా ఎనభై ఆరు వేలు. ఒక్క బిల్లుకు రెండు వోచర్లు. సాయంత్రం లెక్క కుదరక ఎనిమిదింటిదాకా కూర్చునేవాళ్లం. నలభై ఎందుకు, అరవై ఎందుకు అని ఎవరినడిగినా చెప్పలేదు. క్రమంగా అర్థమైంది. ప్రభుత్వం ఆ నలభైతో చమురు, ఎరువుల్లాంటివి చవగ్గా తెచ్చుకుంటుంది. ఒక్కసారిగా వదిలేస్తే రూపాయి ఎక్కడ ఆగుతుందో తెలియదు కాబట్టి సగం పైన వదిలి చూస్తున్నారు. మునివేళ్లతో నీళ్ల వేడి చూసినట్టు. మొత్తం ఏడాది చూసి, 1993 మార్చిలో ఒకే రేటు చేశారు. రూపాయి 31 చిల్లర దగ్గరే నిలబడింది. ఆ రోజు రెండో వోచర్ల కట్టను బీరువా అడుగున పడేసిన ఆనందం ఇంకా గుర్తుంది.

మధ్యలో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడి బ్యాంకువాళ్లంటే జనం అదోలా చూశారు. మా శాఖకు దానితో ఏ సంబంధమూ లేకపోయినా ఆడిటర్లు నెల తిరిగారు. మంత్రి రాజీనామా ఇస్తానన్నారు, పి.వి. తీసుకోలేదు. 1994 ఆగస్టుకు చదువులకు, ప్రయాణాలకు, వ్యాపారానికి డాలర్ల మీద ఉన్న అడ్డు చాలావరకు పోయింది. అమెరికా యూనివర్సిటీల అప్లికేషన్ ఫీజు డ్రాఫ్టుల కోసం వచ్చే కుర్రాళ్ల క్యూ శాఖ బయటికి పెరిగింది. మాన్యువల్ సన్నబడింది. 1996 మేలో ఆయన మంత్రి పదవి ముగిసేనాటికి నేను బదిలీ మీద వెళ్లిపోయాను. 1999లో దక్షిణ ఢిల్లీ నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. ఆ తరవాతి పదేళ్ల ప్రధాని పదవి సంగతి అందరికీ తెలుసు, నాకు ప్రత్యేకంగా తెలిసింది లేదు.

హెడ్ క్యాషియర్‌గారు రిటైరయ్యే రోజున ఆ రూపాయి కాగితం నా చేతిలో పెట్టారు. వేరే రూపాయి క్యాష్‌లో వేసి, రిజిస్టరు సరిచూసి మరీ.

స్ప్రింగులాయన మాత్రం పదేళ్ల కిందట కూకట్‌పల్లిలో ఒక పెళ్లిలో కనిపించాడు. కొడుకులు ఫ్యాక్టరీ చూసుకుంటున్నారు. పట్టీ జపాన్ నుంచి ఇప్పుడు ఫోన్లోనే ఆర్డరు పెడతారట. భోజనాల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని, మా ఆవిడకు నన్ను పరిచయం చేస్తున్నట్టుగా మొదలుపెట్టాడు.

"అమ్మా, వీరు నాకు ఇరవై మూడు వేల రెండు వందలు బాకీ."

పన్నెండు శాతం వడ్డీతో ఎంతైందో కూడా చెప్పి, నా విస్తట్లో ఇంకో పూర్ణం వేయించాడు.